డిస్క్ శాండర్‌తో గీత దాకా: ఎంపిక, అమరిక, వాడకం

డిస్క్ శాండర్ అంటే శాండ్ పేపర్ అతికించిన గుండ్రటి ప్లేటు నిలువుగా తిరిగే, దాని ముందు చెక్క ఆనించే టేబుల్ ఉన్న మిషన్. దీన్ని కొత్తగా కొన్నవాళ్లు నన్ను ఎక్కువగా అడిగేవి రెండే ప్రశ్నలు. అంచులు నల్లగా మాడుతున్నాయెందుకు? మూలమట్టం (90 డిగ్రీలు సరిచూసే పనిముట్టు) పెట్టి చూస్తే సందు కనిపిస్తోందెందుకు? రెండూ ఒక్క అపోహ నుంచే పుడతాయి. దీన్ని చెక్క నునుపు చేసే మిషన్ అనుకుని వాడటం.

రంపం గీతకు ఒక మిల్లీమీటరు ఇవతల ఆగిపోతుంది. ఆ మిగిలిన మిల్లీమీటరు తీసి చెక్కని సరిగ్గా గీత దాకా తేవడం డిస్క్ శాండర్ పని. అంటే ఇది కొలత పనికి వాడే మిషన్. మీ మనసులో దీన్ని ఉలి, చిత్రికల పక్కన పెట్టుకోండి. ఏది కొనాలి, ఎలా అమర్చాలి, ఎంత నొక్కాలి అన్నవన్నీ అక్కడి నుంచే తేలతాయి.

## 1. ఏ పనికి పనికొస్తుంది

బాగా చేసేవి:

- చెక్క కొసలను మూలమట్టానికి తేవడం
- ఫ్రేము మూలల 45 డిగ్రీల కోతను సవరించడం
- బయటికి వంపు తిరిగిన అంచులు, గుండ్రటి మూలలు
- బొమ్మ చక్రాల్లాంటి బిళ్లలు
- పెట్టె మూల జాయింట్లలో కాస్త పొడుచుకొచ్చిన కొసలను సమం చేయడం

దీని దగ్గరికి తీసుకురాకూడనివి:

- పలక వెడల్పాటి మొహం. విల్లులా వంగిన గీతలు పడతాయి, అవి పోవాలంటే చేత్తో గంటలు పడుతుంది.
- లోపలికి వంపు తిరిగిన అంచు. చదునైన డిస్క్ అందులోకి దూరదు. దానికి స్పిండిల్ శాండర్ (పేపర్ చుట్టిన నిలువు రోలరు తిరిగే మిషన్) కావాలి.
- పాత రంగు, వార్నిష్. వేడికి కరిగి పేపర్‌కి బంకలా పట్టుకుంటాయి. పైగా పాత రంగుల్లో సీసం ఉండొచ్చు.
- మేకులు, స్క్రూలు దిగి ఉన్న పాత చెక్క, ఇనుప ముక్కలు. నిప్పురవ్వ వెళ్లి నుసి సంచిలో పడితే లోపల్లోపల రాజుకుంటుంది. మంట మీరు షెడ్డు తలుపు మూసి వెళ్లాక కూడా లేవచ్చు.

## 2. ఎంచుకునేటప్పుడు

సైజు. ఇళ్లలో కనిపించేవి 150 మి.మీ., 200 మి.మీ., 250 మి.మీ., 300 మి.మీ. డిస్కులు. ఇందులో సగమే మీది. డిస్క్ ఒకవైపు కిందికి, రెండోవైపు పైకి తిరుగుతుంది. పని చేయాల్సింది కిందికి దిగే వైపు మాత్రమే. నడిమధ్యలో వేగం దాదాపు సున్నా కాబట్టి అక్కడా కోయదు. 300 మి.మీ. డిస్కులో చేతికి నికరంగా దొరికేది సుమారు 120-130 మి.మీ. 150 మి.మీ. డిస్కులో 60 మి.మీ. కూడా కష్టమే. మీరు ఎక్కువగా చేసే చెక్కల వెడల్పు కొలుచుకుని, దాన్ని బట్టి సైజు అనుకోండి.

వేగం. పెద్ద డిస్క్, వేగం తక్కువ మోటారు ఉంటే మంచిది. 50 హెర్ట్జ్ కరెంటు మీద మోటార్లు సాధారణంగా నిమిషానికి సుమారు 1,425 చుట్లు గానీ, 2,850 చుట్లు గానీ తిరుగుతాయి. 300 మి.మీ. డిస్క్ 1,425 చుట్లు తిరిగితే అంచు దగ్గర పేపర్ సెకనుకు 22 మీటర్ల వేగంతో పోతుంది. అదే డిస్కును 2,850 మీద తిప్పితే దాదాపు 45 మీటర్లు. అంత వేగంలో గట్టి చెక్క కొస మాడకుండా చేయడం చేయి తిరిగినవాడికే కష్టం. 150 మి.మీ. డిస్క్ 2,850 మీద తిరిగినా అంచు వేగం 22 మీటర్లే, అందుకే చిన్న మిషన్లలో ఆ మోటారు ఉన్నా కంగారు లేదు.

టేబుల్. నేనైతే డబ్బంతా ఇక్కడ పెట్టమంటాను. మోటారు కాస్త చిన్నదైతే నెమ్మదిగా నొక్కుతారు, పనైపోతుంది. టేబుల్ ఊగితే మాత్రం ఏం చేసినా మూల కుదరదు. చవక మిషన్లలో పలుచటి రేకు టేబుల్‌ని ఒకవైపు మాత్రమే నట్టుతో పట్టి ఉంచుతారు. అలాంటిది వద్దు. రెండు వైపులా బిగించే ఏర్పాటున్న పోత ఇనుము లేదా మందపాటి అల్యూమినియం టేబుల్ చూడండి.

బెల్టు-డిస్క్ రెండూ ఉన్న మిషన్. 100 మి.మీ. వెడల్పు బెల్టు, పక్కన 150 మి.మీ. డిస్క్. చోటు తక్కువ ఉన్నవాళ్లకి, బొమ్మలూ చిన్న పెట్టెలూ చేసేవాళ్లకి సరిపోతుంది. కాకపోతే వీటిలో డిస్క్ టేబుల్ తరచుగా అరచేయంత ఉంటుంది. దాని మీద విడిగా ప్లైవుడ్ పలక బిగించుకోవాలి.

కొనేముందు మిషన్ దగ్గర నిలబడి చూసుకోవాల్సినవి:

- [ ] టేబుల్ బయటి మూల మీద అరచేత్తో గట్టిగా నొక్కితే దిగుతోందా?
- [ ] ప్లగ్ తీసి ఉంచి, పెన్సిల్ మొనని డిస్క్ అంచు దగ్గర కదలకుండా పట్టుకుని డిస్కును చేత్తో తిప్పండి. మొనకీ డిస్క్‌కీ మధ్య సందు చుట్టూ ఒకేలా ఉందా? పెద్దదీ చిన్నదీ అవుతుంటే డిస్క్ వంకర.
- [ ] టేబుల్ మీద మైటర్ గేజ్ (చెక్కని కావలసిన కోణంలో ఆనించి పట్టే పనిముట్టు) జారే గాడి ఉందా? గేజ్ అందులో లొడలొడ లాడుతోందా?
- [ ] టేబుల్‌ని డిస్క్ దగ్గరికి జరిపే వీలుందా?
- [ ] నుసి పైపు తగిలించే మూతి ఉందా, మీ వాక్యూమ్ పైపుకి సరిపోతుందా?
- [ ] కరెంటు పోయి వస్తే తనంతట తాను తిరగడం మొదలుపెట్టని స్విచ్ ఉందా?
- [ ] ఆ సైజు పేపర్ డిస్కులు మీకు సులువుగా దొరుకుతాయా? వింత సైజు మిషన్ చవగ్గా వచ్చిందని కొంటే తర్వాత పేపర్ కోసం తిరగాలి.

## 3. మిషన్‌ని నిలబెట్టడం

ఎత్తు మోచేతికి కొంచెం కింద ఉండాలి. బల్లకి బోల్టులతో బిగించండి. రబ్బరు కాళ్ల మీద వదిలేస్తే చెక్క నొక్కిన ప్రతిసారీ వెనక్కి జరుగుతుంది. కిందికి దిగే సగం ముందు మీరు నిలబడటానికి చోటుండాలి. ఎక్కువ మిషన్లలో అది ఎడమవైపు. మీ మిషన్ మీద బాణం గుర్తు చూసి నిర్ధారించుకోండి. ఆ వైపు పొడవాటి చెక్క పట్టేంత ఖాళీ వదలండి.

వాక్యూమ్ పైపు మిషన్ కొన్న రోజే తగిలించండి, రేపనుకోకండి. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1995లో చెక్క నుసిని మనుషుల్లో క్యాన్సర్ కలిగించేవాటి మొదటి గుంపులో చేర్చింది. పైపు ఉన్నా ఎన్95 మాస్కు తప్పదు, కంటికి కనపడని నుసే ఊపిరితిత్తుల లోపలికి వెళ్లేది. ఎం.డి.ఎఫ్. (చెక్క పీచుని జిగురుతో అదిమి చేసిన పలక) అరగదీసేటప్పుడు మరీ జాగ్రత్త.

## 4. టేబుల్ సరిచూసుకోవడం

కొత్త మిషన్ పెట్టెలోంచి తీయగానే సరిగ్గా ఉంటుందని నమ్మకండి. డిగ్రీల స్కేలు మీద ముల్లు సున్నా దగ్గర ఉన్నంత మాత్రాన టేబుల్ 90 డిగ్రీల్లో ఉన్నట్టు కాదు. ఈ పని ఒకసారి ఓపిగ్గా చేస్తే నెలల తరబడి సుఖం. వరస మార్చకండి, ఒకటి కదిపితే దాని తర్వాతవన్నీ మళ్లీ చూడాలి.

మొదట ప్లగ్ తీయండి. స్విచ్ ఆపడం చాలదు.

4.1 సందు. టేబుల్ అంచుకీ డిస్క్ మీది పేపర్‌కీ మధ్య సందు 1.5 మి.మీ. దాటకూడదు. కొలవడానికి పాత ఏటీఎం కార్డులు రెండు చాలు. ఒక్కో కార్డు మందం 0.76 మి.మీ., రెండూ కలిపితే సరిగ్గా మనకి కావలసినంత. కార్డుల జతని సందులో నిలబెట్టి, టేబుల్‌ని దానికి ఆనించి బిగించండి. ఎడమ కొసా కుడి కొసా రెండూ చూడండి. తర్వాత డిస్కును చేత్తో ఒక చుట్టు తిప్పి ఎక్కడా రాసుకోవడం లేదని చూసుకోండి.

ఈ సందు సంగతి నాకు ఎలా తెలిసొచ్చిందో చెబుతాను. మొదట్లో నా టేబుల్‌కీ డిస్క్‌కీ మధ్య అయిదు మిల్లీమీటర్లుండేది, పట్టించుకోలేదు. ఒకరోజు పలుచటి చిన్న ముక్క కొస అరగదీస్తుంటే డిస్క్ దాన్ని కిందికి లాక్కుంది. ముక్క సందులో చీలలా దిగింది, వేలు దాని వెనకే పోయింది. గోరు సగం అరిగి బయటపడ్డాను. కార్డులు అప్పటి నుంచి మిషన్ పక్కనే వేలాడుతున్నాయి.

4.2 టేబుల్, డిస్క్ మధ్య 90 డిగ్రీలు. మూలమట్టం ఒక భుజం టేబుల్ మీద, రెండో భుజం డిస్క్‌కి ఆనించి వెనక నుంచి టార్చ్ లైటు వేయండి. వెలుతురు గీత ఎక్కడా కనిపించకూడదు. ఇది మొదటి సవరింపు మాత్రమే.

అసలు పరీక్ష చెక్క మీద. 40-50 మి.మీ. మందం ఉన్న చెక్క నుంచి రెండు ముక్కలు తీసుకోండి. ప్రతి ముక్క కొసని అరగదీసి, టేబుల్ మీద ఏ మొహం కింద ఉందో దాని మీద గుర్తు పెట్టండి. ఇప్పుడు చదునైన బల్ల మీద రెండింటినీ గుర్తు మొహం కిందికే ఉంచి, అరగదీసిన కొసలు ఎదురెదురుగా కలపండి. పైన గానీ కింద గానీ సందు కనిపిస్తే, టేబుల్ తప్పు అందులో సగం. రెండు ముక్కల తప్పూ కలిసి రెట్టింపై కనిపిస్తుంది కాబట్టి చిన్న తేడా కూడా దొరికిపోతుంది. ఒక ముక్కని తిరగేసి పెడితే మాత్రం తప్పులు ఒకదాన్నొకటి కప్పేసుకుని అంతా బాగున్నట్టే కనిపిస్తుంది. చాలామంది మోసపోయేది అక్కడే.

4.3 మైటర్ గేజ్ 90 డిగ్రీలు. ఇదే పరీక్ష, ఈసారి ముక్కని తిరగేయాలి. అంచులు సమాంతరంగా ఉన్న రెండు పలక ముక్కల కొసలు గేజ్‌తో అరగదీయండి. గేజ్‌కి ఆనిన అంచుకి గుర్తు పెట్టండి. ఒకదాన్ని బోర్లా తిప్పి, గుర్తు అంచులు రెండూ ఒక సూటి పట్టీకి ఆనేలా కొసలు కలపండి. సందు వస్తే గేజ్‌ని అందులో సగం సవరించండి.

4.4 గాడి. గేజ్ జారే గాడి డిస్క్‌కి సమాంతరంగా లేకపోతే చెక్కని పక్కకి జరిపినప్పుడల్లా డిస్క్‌కి దగ్గరవుతుంది, లేదా దూరమవుతుంది. గేజ్‌కి ఒక పుల్లని క్లాంప్ చేసి దాని మొన డిస్క్‌ని తాకీ తాకనట్టు ఉంచండి. డిస్క్ అంచు దగ్గరొకసారి, మధ్య దగ్గరొకసారి చూడండి. తేడా ఉంటే టేబుల్ బోల్టులు వదులు చేసి తిప్పాలి. ఆ తర్వాత 4.1 నుంచి మళ్లీ మొదలు. విసుగే, కానీ తప్పదు.

## 5. పేపర్: ఏది, ఎలా అతికించాలి

ఒక్కటే పేపర్ పెట్టుకోమంటే 80 గ్రిట్ పెట్టుకుంటాను. గ్రిట్ అంటే పేపర్ గరుకుని చెప్పే అంకె, అది పెరిగేకొద్దీ గింజలు సన్నం. బాగా ఎక్కువ తీయాల్సి ఉంటే 60. చిన్న ముక్కల పనికి 120. డిస్క్ శాండర్ మీద 150 దాటి వెళ్లకండి. సన్నటి గ్రిట్ కోయడం మాని రుద్దడం మొదలుపెడుతుంది, రుద్దితే వేడి, వేడికి మాడు. నునుపు కావాలంటే తర్వాత చేత్తో చేసుకోవచ్చు.

వెనక జిగురున్న డిస్కా, వెల్క్రో డిస్కా? వెల్క్రో మార్చడం తేలిక, కానీ దాని మెత్తదనం వల్ల చెక్క అంచు కొంచెం గుండ్రబడుతుంది. ఫ్రేము మూలల పనికి జిగురు డిస్కే సరైనది.

జిగురు డిస్క్ మార్చే వరస:

1. ప్లగ్ తీయండి. టేబుల్ విప్పండి, లేదా పూర్తిగా వంచండి.
2. పాత పేపర్‌ని హెయిర్ డ్రయ్యర్‌తో రెండు నిమిషాలు వేడి చేయండి. జిగురు మెత్తబడ్డాక అంచు నుంచి నిదానంగా లాగండి. చల్లగా ఉండగా లాగితే చీలికలై సగం ప్లేటుకే ఉండిపోతుంది.
3. మిగిలిన జిగురుని టర్పెంటైన్ తడిపిన గుడ్డతో తుడవండి. ప్లేటు పూర్తిగా ఆరాలి. ఆ గుడ్డని ముద్దగా చుట్టి మూల పడేయకండి, ఆరుబయట పరిచి ఆరబెట్టండి.
4. ప్లేటు మీద వేలితో తడిమి చూడండి. చిన్న జిగురు ఉండ మిగిలినా పేపర్ అక్కడ ఉబ్బుతుంది, తిరిగేటప్పుడు ఆ ఉబ్బే చెక్కని కొడుతుంది.
5. కొత్త డిస్క్ వెనక కాగితాన్ని సగం మాత్రమే ఒలిచి మడవండి. ఆ సగాన్ని ప్లేటు అంచుకి సరిగ్గా కుదిర్చి అద్దండి. కుదిరాక మిగతా సగం ఒలుస్తూ మధ్య నుంచి బయటికి నొక్కుతూ రండి.
6. అంచు ఎక్కడా ప్లేటు దాటి బయటికి రాకూడదు. వస్తే బ్లేడుతో కోసేయండి.
7. టేబుల్ బిగించి, సందూ 90 డిగ్రీలూ మళ్లీ చూసి, డిస్క్ ముందు నుంచి పక్కకి తప్పుకుని ఒక నిమిషం ఖాళీగా తిప్పండి.

## 6. స్విచ్ వేసేముందు

- [ ] కళ్లద్దాలు, మాస్కు, చెవులకు మఫ్స్
- [ ] చేతి గ్లౌజులు తీసేశాను. గ్లౌజు పేపర్‌కి తగిలితే చేతిని కూడా లాక్కుపోతుంది.
- [ ] పొడుగు చేతులు మడిచాను, కండువా, చున్నీ, గొలుసు తీశాను, జుట్టు ముడేశాను
- [ ] వాక్యూమ్ ఆన్‌లో ఉంది
- [ ] టేబుల్ బోల్టులు బిగించి ఉన్నాయి
- [ ] చెక్కలో మేకు లేదు
- [ ] నేను పని చేసేది కిందికి దిగే సగం మీద

చివరిది బాగా గుర్తుంచుకోండి. పైకి లేచే సగం మీద చెక్క పెడితే డిస్క్ దాన్ని టేబుల్ మీంచి ఎత్తి మీ మొహం మీదకి విసురుతుంది. కిందికి దిగే సగం చెక్కని టేబుల్‌కే అదిమి పెడుతుంది.

## 7. అరగదీసే పద్ధతి

1. గీత సన్నగా, నల్లగా గీయండి. కత్తిమొనతో గీసిన గీత ఇంకా మేలు. మొద్దుబారిన పెన్సిల్ గీతే అర మిల్లీమీటరు మందం ఉంటుంది, ఇక మీరు ఏ అంచు దాకా తీస్తున్నట్టు?
2. రంపంతో గీతకు 1 మి.మీ. బయట కోయండి. అయిదారు మిల్లీమీటర్లు వదిలేసి డిస్క్‌తోనే లాగించేద్దాం అనుకుంటే పేపరూ పోతుంది, చెక్కా మాడుతుంది.
3. మంచి మొహం పైకి ఉంచండి. డిస్క్ కిందికి దిగుతూ పీచుని అడుగు అంచుకి నెడుతుంది. ప్లైవుడ్ పై పొర చిట్లకుండా ఉండాలంటే ఇదే దారి.
4. స్విచ్ వేసి, డిస్క్ పూర్తి వేగం అందుకునే దాకా ఆగండి.
5. చెక్కని ముందు టేబుల్ మీద గట్టిగా అదమండి, తర్వాతే డిస్క్ వైపు జరపండి. టేబుల్ మీదికి నొక్కే బలం ఎక్కువ, డిస్క్ వైపు నెట్టే బలం తక్కువ.
6. తాకిన క్షణం నుంచి చెక్క పక్కకి కదులుతూనే ఉండాలి. డిస్క్ అంచు నుంచి మధ్య వైపు, మళ్లీ వెనక్కి. ఒకేచోట ఆపితే పేపర్ అక్కడే అరుగుతుంది, చెక్క అక్కడే మాడుతుంది.
7. రెండు మూడు సెకన్లు తాకించి వెనక్కి తీయండి. గీత చూడండి. మళ్లీ తాకించండి.
8. గీత సగం చెరిగి సగం మిగిలిన దగ్గర ఆపండి. పూర్తిగా చెరిగిందంటే ఎంత ఎక్కువ పోయిందో తెలుసుకునే గుర్తు కూడా పోయినట్టే.
9. స్విచ్ ఆపాక డిస్క్ తనంతట తాను ఆగే దాకా చేతులు దూరంగా ఉంచండి. బరువైన ప్లేటు చాలాసేపు తిరుగుతుంది. చెక్క ముక్క ఆనించి ఆపాలని చూడకండి.

ఎంత నొక్కుతున్నారో తెలుసుకోవడానికి చెవి మంచి సాయం. ఖాళీగా తిరిగేటప్పుడు మోటారు శబ్దం గుర్తుపెట్టుకోండి. చెక్క తాకినప్పుడు ఆ శబ్దం కొంచెం దిగాలి, మూలగకూడదు.

వేళ్లు డిస్క్‌కి కనీసం 50 మి.మీ. దూరంలో ఉండాలి. ముక్క అంతకన్నా చిన్నదైతే చేత్తో పట్టుకోవద్దు. పెద్ద చెక్కకి రెండు వైపుల టేపుతో అతికించి పట్టుకోండి. ఇంకా మంచిది, చిన్న ముక్కగా కోయకముందే పొడుగు చెక్క కొస మీద ఆకారమంతా తెచ్చి, చివర్లో కోసుకోండి.

## 8. మూడు పనులు, వరసగా

8.1 ఫ్రేము మూలలు. నాలుగు మూలల ఫ్రేముకి ఎనిమిది కోతలు. ఒక్కో కోతలో పావు డిగ్రీ తప్పుంటే చివరి మూల దగ్గర రెండు డిగ్రీల సందు తేలుతుంది. అందుకే గేజ్ మీద స్కేలుని నమ్మకుండా 45 డిగ్రీల సెట్‌స్క్వేర్ పెట్టి సరిచేయండి. జామెట్రీ బాక్సులోదైనా మొదటి సవరింపుకి పనికొస్తుంది. గేజ్‌కి పొడవాటి చెక్క పట్టీ బిగించి, దాని మొహాన 120 గ్రిట్ పేపర్ ముక్క అతికించండి, చెక్క జారదు. పారేసే ముక్కలు రెండు అరగదీసి కలిపి మూలమట్టంతో చూశాకే అసలు చెక్క ముట్టుకోండి. ఎదురెదురు పట్టీల పొడవు సమానంగా ఉండటం కోణమంత ముఖ్యం. రెండింటినీ కలిపి పట్టుకుని వేలితో కొసలు తడమండి. కంటికి తెలియని తేడా వేలికి తెలుస్తుంది.

8.2 బయటి వంపులు. ముందు రంపంతో గీత బయట కోసి, మిగిలిన కోణాలు తీసేయండి. డిస్క్ దగ్గర చెక్కని ఆపకుండా ఒకే ఊపులో తిప్పాలి. సగంలో ఆగి చేతులు మార్చుకుంటే అక్కడ చదునైన మచ్చ పడుతుంది. అందుకని ముందు మిషన్ ఆపి ఉండగానే, చేతులు ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తాయో ఒకసారి తిప్పి చూసుకోండి.

8.3 గుండ్రటి బిళ్లలు. చేత్తో తిప్పి నిజమైన వృత్తం తేవడం అసాధ్యం అనే అంటాను. చిన్న జిగ్ (చెక్కని ప్రతిసారీ ఒకేలా పట్టి నడిపే ఏర్పాటు) చేసుకోండి, అరగంట పని.

1. టేబుల్ అంత ప్లైవుడ్ పలక తీసుకుని, అందులో డిస్క్‌కి లంబంగా ఒక గాడి తీయండి. గాడి కిందికి దిగే సగానికి మధ్యలో రావాలి.
2. ఆ గాడిలో వదులు లేకుండా జారే గట్టి చెక్క పట్టీ చేయండి. దాని మీద చిన్న మేకు తల కోసి పిన్నులా నిలబెట్టండి.
3. పలకని టేబుల్‌కి క్లాంప్ చేయండి. టేబుల్ సందు లాగే పలక అంచు కూడా డిస్క్‌కి 1.5 మి.మీ. లోపే ఉండాలి.
4. పిన్ను నుంచి పేపర్ దాకా దూరం మీ వ్యాసార్ధం అయ్యే చోట పట్టీని ఆపే అడ్డు బిగించండి. ఈ దూరం అర మిల్లీమీటరు తప్పితే బిళ్ల వ్యాసం ఒక మిల్లీమీటరు తప్పుతుంది.
5. బిళ్లని గీతకు 1 మి.మీ. బయట రంపంతో కోసి, మధ్య రంధ్రాన్ని పిన్నులో దించండి.
6. మిషన్ వేసి, పట్టీని కొంచెం ముందుకి జరిపి బిళ్లని ఒక చుట్టు తిప్పండి. ఇంకొంచెం జరిపి ఇంకో చుట్టు. పట్టీ అడ్డుకి తగిలాక రెండు చుట్లు నిదానంగా.

బిళ్లని తిప్పకుండా ఒకేసారి అడ్డు దాకా నెట్టేస్తే మొదట తాకినచోట మాడు మచ్చ ఖాయం. కోసిన వెంటనే అన్ని బిళ్లలూ ఒకే అమరికలో పూర్తి చేయండి. సాయంత్రం జిగ్ తీసేసి మర్నాడు మళ్లీ బిగిస్తే నాలుగో చక్రం మిగతా మూడింటితో కలవదు.

## 9. తేడా వస్తే ఎక్కడ చూడాలి

కొస నల్లగా మాడుతోంది. ముందు పేపర్ చూడండి. గోధుమ రంగు మెరుపు తేలి ఉంటే చెక్కలోని బంక పట్టింది. మిషన్ తిరుగుతుండగా శాండింగ్ బెల్టులు శుభ్రం చేసే రబ్బరు కడ్డీని కిందికి దిగే వైపు, టేబుల్ మీద ఆనించి అద్దండి. ఊడిపోతుంది. పేపర్ శుభ్రంగా ఉండీ మాడుతుంటే గింజలు మొద్దుబారాయి, మార్చండి. కొత్త పేపర్ మీదా మాడుతుంటే మీ చెయ్యి ఎక్కువ నొక్కుతోంది, లేదా కదలడం లేదు. పైన్, టేకు లాంటి జిగట, నూనె చెక్కలకి 60 గ్రిట్ వాడితే సగం బాధ తప్పుతుంది. ఇప్పటికే పడిన మాడుని డిస్క్‌తోనే పోగొట్టాలని ఇంకా నొక్కకండి. పదునైన ఉలితో పలుచగా చెక్కేయండి, లేదా చేత్తో రుద్దండి.

మూల 90 రావడం లేదు, టేబుల్ మాత్రం సరిగ్గానే ఉంది. నొక్కేటప్పుడు టేబుల్ కిందికి దిగుతోంది, లేదా చెక్క అడుగున నుసి పేరుకుని ముక్క లేచి ఉంది. ప్రతి ముక్కకీ టేబుల్ తుడవండి. చెక్క అడుగు మొహమే వంకరగా ఉంటే ముందు దానికి చిత్రిక పట్టాలి. డిస్క్ ఆ వంకరని అలాగే కొసకి ఎక్కిస్తుంది.

కొస మధ్యలో ఉబ్బుగా, అంచుల దగ్గర వాలుగా వస్తోంది. చేత్తో పట్టి ఊపుతున్నారు. గేజ్ వాడండి.

చెక్క టకటకమని కొట్టుకుంటోంది. ఆపి, ప్లగ్ తీసి చూడండి. పేపర్ ఉబ్బిందా, అంచు లేచిందా, ప్లేటు స్క్రూ వదులైందా. సాధారణంగా ఈ మూడింట్లో ఒకటి దొరుకుతుంది. అంచు లేచిన పేపర్‌ని మళ్లీ అతికించి వాడకండి.

పాలిష్ వేశాక అంచున అడ్డగీతలు తేలాయి. డిస్క్ గీతలు చెక్క మందం వెంట నిలువుగా, అంటే పొడుగు అంచు మీద నారకి అడ్డంగా పడతాయి. మామూలుగా కనపడవు, పాలిష్ పడగానే బయటపడతాయి. డిస్క్ తర్వాత 120, 150, 180 పేపర్లతో చెక్క దిమ్మకి చుట్టి, నార వెంట చేత్తో రుద్దండి. అందుకే గీత దగ్గర ఒక వెంట్రుకవాసి వదిలి ఆపడం మంచిది.

టేబుల్ వంచి అరగదీస్తే చిన్న ముక్క జారిపోతోంది. వంచినప్పుడు సందు కూడా మారుతుంది, ముందు దాన్ని సరిచేయండి. ఆ తర్వాత ముక్క వెనక టేబుల్‌కి అడ్డంగా ఒక పట్టీ క్లాంప్ చేసుకోండి.

## 10. నెలకోసారి

- [ ] 4.2 పరీక్ష రెండు ముక్కలతో
- [ ] ప్లేటు బిగించే స్క్రూ, టేబుల్ బోల్టులు
- [ ] మోటారు గాలి రంధ్రాల్లో చేరిన నుసి వాక్యూమ్‌తో
- [ ] పోత ఇనుప టేబుల్ మీద మైనం పూత. సిలికాన్ ఉన్న పాలిష్ వద్దు, చెక్కకి అంటితే తర్వాత వార్నిష్ పట్టదు.
- [ ] నుసి సంచి ఖాళీ

మిగిలిన పేపర్ డిస్కులను నిలబెట్టకుండా రెండు చదునైన పలకల మధ్య, తేమ తగలని చోట పెట్టండి. వంగిన జిగురు డిస్క్ అతికించిన రోజు బాగానే ఉంటుంది, రెండో రోజు అంచు లేస్తుంది.